డైరెక్టరంటే ఏ డిపార్టుమెంటు?

"డైరెక్టరు కావాలనుంది నాయనా" అని నేను మొదటిసారి చెప్పినప్పుడు మా నాయన తోటలో మల్బరీ కొమ్మలు కొడుతున్నాడు. కొడవలి ఆపాడు. చెమట తుడుచుకున్నాడు. వీడు ఇంత ఎదిగినాడా అన్నట్టు నన్ను ఎగాదిగా చూశాడు.

"మంచిదిరా అబ్బీ. సెరికల్చర్ డైరెక్టరంటే మాటలా! ఇన్‌స్పెక్టరు వస్తేనే మనం లేసి నిలబడతాము."

చిలమత్తూరు మండలంలో పట్టుపురుగులు మేపే ఏ ఇంట్లో అడిగినా డైరెక్టరంటే పట్టు పరిశ్రమ శాఖకు పెద్దతలకాయే. గుడ్లు ఇప్పించేది, సబ్సిడీ రాయించేది, షెడ్డు శాంక్షను చేయించేది ఆయన. సినిమా డైరెక్టరు ఇవేవీ చెయ్యడు కాబట్టి ఆయన్ను తలుచుకునే అవసరం ఎవరికీ రాలేదు. నాయన అపార్థాన్ని నేను ఆర్నెల్లపాటు సరిదిద్దలేదు. దరఖాస్తు ఫీజులు కట్టాలి కదా.

అట్లాగని సినిమాకూ మాకూ చుట్టరికం లేదనడానికి వీల్లేదు. మాది హిందూపురం నియోజకవర్గం. 1985, 1989, 1994లలో ఎన్టీ రామారావు ఇక్కణ్ణుంచే గెలిచారు. 1996 ఉప ఎన్నికలో హరికృష్ణ. 2014 నుంచి వరసగా మూడుసార్లు బాలకృష్ణ. జిల్లా పేరు 2022లో అనంతపురం నుంచి శ్రీసత్యసాయి అయింది గానీ హీరో మాత్రం ఆ ఇంటివాడే. హీరోలు ఓటడిగిన ఊళ్ళో డైరెక్టరును ఎవరు లెక్కచేస్తారు? రామారావుగారు సినిమాలకు దర్శకత్వం కూడా చేశారని ఒకసారి మా జేజికి చెప్పబోయాను. "ఆయప్పకు ఇంగొకరు చెప్పేదేముంది, ఆయనే కిష్ణుడు గదా" అంది.

దర్శకులు లేకపోలేదు మరి. 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీసిన కె.వి. రెడ్డి మా తాడిపత్రిలో పుట్టినవాడే. ఆయన సినిమా కంపెనీలో అడుగుపెట్టింది క్యాషియరుగా. డబ్బు లెక్కలు రాసి రాసి, 1943లో 'భక్త పోతన'తో డైరెక్టరయ్యాడు. అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందు మా పక్కనే లేపాక్షిలో గుడి కట్టించిన విరూపణ్ణ కూడా విజయనగర రాజుల కోశాధికారే. ఖజానా సొమ్ము అడక్కుండా గుడికి ఖర్చుపెట్టి, రాజు శిక్షించకముందే తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడని మావాళ్ళు చెప్పుకుంటారు. ఆ ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు. కల్యాణమంటపం మాత్రం సగంలోనే ఆగిపోయింది. బడ్జెట్టు దాటిన ప్రొడక్షన్లు నేను చాలా చూశాను గానీ, ఇంత పద్ధతిగా బాధ్యత తీసుకున్నవాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు. ఏతావాతా మా సీమలో కళకు దారి ఎప్పుడూ డబ్బుపెట్టె పక్కనుంచే పోతుంది. మా ఇంట్లో డబ్బుపెట్టె నాయన దగ్గరుంది.

సినిమా బడుల సంగతి చెప్పాలి. పుణెలో ఎఫ్‌టీఐఐ ఉంది. 1960లో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలోనే పెట్టారు. 'బాహుబలి'కి కెమెరా పట్టిన సెంథిల్ కుమార్ అక్కడ చదువుకున్నవాడే. కోల్‌కతాలో సత్యజిత్ రాయ్ పేరున ఇంకొకటి, 1995 నాటిది. మద్రాసులో ఒకటి, హైదరాబాదులో ఒకటో రెండో. శేఖర్ కమ్ముల ఇంజినీరింగు చదివి, అమెరికాలో హోవర్డ్ యూనివర్సిటీకి పోయి సినిమా చదువుకుని వచ్చాడు. నేను వాటిలో వేటికి పెట్టానో, ఎవరు కాదన్నారో చెప్పను. రేపు మళ్ళీ వాళ్ళ గడపే తొక్కాలి. డైరెక్షన్‌కు ఎక్కడైనా సీట్లు చేతివేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. కాళ్ళవేళ్ళ దాకా పోయే బడి తక్కువ.

దరఖాస్తులో అన్నిటికన్నా పెద్ద గండం 'మీరు సినిమా ఎందుకు తీయాలనుకుంటున్నారు' అనే వ్యాసం. అయిదువందల మాటల్లో. నేను నిజమే రాశాను: హిందూపురంలో సినిమా చూసి ఆఖరి బస్సుకు తిరిగొస్తూ, ఆ కథ నేనైతే ఎట్లా తీసేవాణ్ణో పక్కసీటాయనకు చెప్పేవాణ్ణి, ఆయన లేపాక్షిలో దిగాల్సినవాడు మాట మధ్యలో లేవలేక చిలమత్తూరు దాకా వచ్చేశాడు, అని. ఆ బడుల్లో ఒకదానిలో చదివి వచ్చిన ఒక అన్న అది చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"పిచ్చోడా, నువ్వు యాడోనివి?"

"చిలమత్తూరు."

"అనంతపురం గదా! నీ చేతిలో కరువు పెట్టుకోని బస్సు కథలు రాస్తావా? పగిలిన చెరువు తియ్. ఎండిన చెనిక్కాయ చేను తియ్. ఎండలో ఒక ముసిలాయప్పను నడిపించు. మాటలు వద్దు. సీటు నీదే."

దేశంలో జైసల్మేర్ తరువాత అంతటి తక్కువ వాన మాకేనని చిన్నప్పుడు బళ్ళో చెప్పేవాళ్ళు, కొంచెం గర్వంగానే చెప్పేవాళ్ళు. అది ఎప్పటికైనా మార్కులు తెచ్చిపెడుతుందని మాత్రం అనుకోలేదు. వ్యాసం తిరగరాశాను. అందులో నేను దాహంతో పుట్టి, దాహంతో పెరిగి, దాహంతోనే డిగ్రీ పాసయ్యాను. చదివితే నాకే గొంతు తడారింది.

ఇక తీయడమే మిగిలింది. అది 2021 నవంబరు. హిందూపురంలో పెళ్ళి వీడియోలు తీసే స్నేహితుడొకడు ముహూర్తాలు లేని రెండు రోజులు చూసి కెమెరా తెచ్చాడు. ముసిలాయప్ప పాత్రకు మా పెదనాయన. రోజుకు మూడొందలూ, మధ్యాహ్నం సంగటీ ఒప్పందం. మొదటి షాటుకు చెరువుకట్ట మీద కెమెరా పెట్టాం. అప్పుడు మొదలైంది వాన.

ఆ నవంబరు ఈ పక్కవాళ్ళెవరూ మరిచిపోరు. చిత్రావతి పొంగింది. వంకలు రోడ్లెక్కాయి. పగిలిన నేల కోసం పోయినచోట మా కెమెరా స్టాండు మోకాటి లోతు నీళ్ళలో నిలబడింది. ఊరంతా చెరువుకట్ట మీదికొచ్చి మరవ పారేది చూసి సంబరపడుతుంటే, అంతమందిలో ఆకాశాన్ని తిట్టుకున్న పాపాత్ముణ్ణి నేనొక్కణ్ణే. "ఎన్నేండ్లకు నిండెరా" అని పెదనాయన కళ్ళు తుడుచుకున్నాడు. అద్భుతమైన నటన. కానీ నాకు కావలసింది ఎండిన చెరువు ముందు కన్నీళ్ళు. "పెదనాయనా, నీళ్ళు లేవనుకోని ఏడువు" అన్నాను. ఆయన నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి, సంగటి తిని, మూడొందలూ తీసుకుని వెళ్ళిపోయాడు.

గడువుకు పది రోజులే ఉంది. బయట వాన. మిగిలింది మా పురుగుల షెడ్డు.

షెడ్డులో షూటింగంటే స్టూడియోలో షూటింగు లాంటిది కాదు. అక్కడ అమ్మే నిర్మాత, అమ్మే సెన్సారు. చెప్పులు బయట విడవాలి. కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి. గడపలో పోసిన సున్నం తొక్కి పోవాలి. మా కెమెరామేను ఒంటికి సెంటు కొట్టుకుని వచ్చాడు. "ఆ వాసనతో లోపలికొస్తే నా పురుగులు సస్తాయి" అని అమ్మ వాణ్ణి బోరింగు దగ్గరికి తోలి, స్నానం చేయించి, నాయన లుంగీ కట్టించి గానీ రానివ్వలేదు. లైటు వెయ్యబోతే కూడదంది. పురుగులకు వెలుతురు పొడ గిట్టదు. అప్పటికి అవి మూడో జ్వరంలో ఉన్నాయి. జ్వరమంటే కుబుసం విడిచే సమయం. మేత మాని, తలలెత్తి, కదలకుండా పడుంటాయి. పెరిగే కాలంలో నాలుగుసార్లు అట్లా చేస్తాయి. వేల పురుగులు ఒకేసారి తలెత్తి చూస్తున్నట్టుంటే, యాక్షన్ అని చెప్పాల్సింది నేనా అవా అనిపించింది. రెండు రోజులు కాచుకున్నాం. ఏ హీరో కోసమూ అంత ఓపిగ్గా ఎవరూ కాచుకుని ఉండరు.

నాలుగో జ్వరం కూడా లేచాక ఆకు వేస్తే అప్పుడు వినాలి. వేల నోళ్ళు ఒకేసారి కొరుకుతుంటే షెడ్డంతా సన్నటి చప్పుడు. అరటాకు మీద తుంపర పడినట్టు, ఆగకుండా. చిన్నప్పుడు అర్ధరాత్రి మేతకు లేచి అమ్మతోపాటు షెడ్డులోకి పోతే, వానొస్తోందనుకుని బయట ఆరేసిన బట్టలు తెచ్చేవాణ్ణంట. కిటికీలోంచి వచ్చే కాస్త వెలుగులోనే తీశాను. అమ్మ చేతులు, ఆకు, పురుగులు, ఆ చప్పుడు. ఏడు నిమిషాలు. మాటలు లేవు. అన్న చెప్పిన వాటిలో కుదిరింది అదొక్కటే.

రాతపరీక్షకు బెంగళూరు సెంటరు వచ్చింది. మాకది వంద కిలోమీటర్ల చిల్లర. 'పథేర్ పాంచాలి' 1955, 'రషోమన్' 1950, దర్శకుడు కురొసావా అని గ్రూప్-2 వాళ్ళ మాదిరి బిట్లు బట్టీపట్టి పోయాను. రెండో పేపర్లో ఒక తలుపు, ఒక ఉత్తరం, ఒక గొడుగు ఇచ్చి కథ రాయమన్నారు. చాలామంది గొడుగు కనబడగానే వాన కురిపించి ఉంటారు. మా వైపు గొడుగు ఎండకు వాడతారు కదా, నా కథ అక్కడే వేరు పడిందనుకుంటా. ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది.

అవతల నలుగురు పెద్దలు. చేతిలో నా దాహం వ్యాసం. ఏడు నిమిషాల సినిమా చూసి ఒకాయన కళ్ళద్దాలు తీశాడు.

"మీది కరువు ప్రాంతమని రాశావు. కానీ సినిమా అంతా వాన శబ్దం ఉంది. ఇది విరోధాభాసమా?"

ఆ మాటకు అర్థం నాకు ఇంటికొచ్చాక తెలిసింది. అప్పటికి మాత్రం నిజం చెప్పాను. "వాన కాదు సార్. పురుగులు ఆకు తింటున్నాయి."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆయన మళ్ళీ పెట్టించుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. తరువాత పక్కనున్నామె అడిగింది: "మరి వ్యాసంలో ఈ పురుగులు లేవే? మీ అమ్మ లేదే? అంతా దాహమే ఉంది." నా దగ్గర జవాబు లేదు. గొంతు మాత్రం నిజంగానే ఎండింది. నీళ్ళిచ్చారు.

ఫలితం వచ్చింది. వెయిటింగు లిస్టు, మూడో నంబరు. రైల్లో ఆర్‌ఏసీ అయితే కూర్చోనన్నా కూర్చోవచ్చు. దీనికి ఆ భాగ్యం కూడా లేదు. "మూడే గదా, ఎవురో ఒకరు దిగుతారులే" అంది జేజి. ఎవరూ దిగలేదు. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ సినిమా బడి స్పీల్‌బర్గ్‌నే చేర్చుకోలేదని నేను ఇంట్లో చెప్పి చూశాను. సీటు రాని ప్రతివాడూ కంఠతా పట్టే సంగతి అది. "ఆ పిల్లోనికి సేద్యముండెనా?" అంది అమ్మ. లేదన్నాను. "పాపం" అంది.

ఇంతలో నాయనకు నిజం తెలిసిపోయింది. షెడ్డు చూడడానికొచ్చిన పట్టు శాఖ ఆఫీసరుతో "మావాడూ మీ డైరెక్టరు సదువుకే పోతాండాడు సార్, మూడో నంబరులో ఉండాడు" అని గొప్పగా చెప్పుకున్నాడంట. ఆయన ఆరా తీసి, నవ్వి, విడమరిచి చెప్పి పోయాడు. ఆ రాత్రి నాయన సంగటిలోకి ఊరిబిండి నంజుకుంటూ చాలాసేపు పలకలేదు. నేను సిద్ధంగానే ఉన్నాను.

"అయితే సినిమా డైరెక్టరా నువ్వు చెప్పేది."

"అవును నాయనా."

"నెలనెలా జీతం రాదంట గదా."

"రాదు."

"వస్తే ఒగేసారి వస్తాదంట, రాకుంటే రాదంట."

"అంతే."

ఇంకొక ముద్ద మింగాడు. "మనకేమన్నా నెలనెలా వస్తాందా?"

ఈసారి వ్యాసంలో దాహం తీసేశాను. బస్సులో పక్కసీటాయన మళ్ళీ వచ్చాడు, అమ్మ వచ్చింది, లుంగీలో కెమెరామేను కూడా వచ్చాడు. అయిదువందల మాటలు దాటుతుంటే పెదనాయన మొట్టికాయను కొట్టేయాల్సి వచ్చింది. ఫీజుకు డబ్బులు హిందూపురం మార్కెట్లో గూళ్ళమ్మి వచ్చిన దాంట్లోంచి నాయనే ఇచ్చాడు. నెట్ సెంటరులో రసీదు ప్రింటు తీస్తే, నా పేరు కింద డైరెక్షన్ అని ఉన్నచోట వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివించుకున్నాడు. తరువాత దాన్ని నాలుగు మడతలు పెట్టి, సెరికల్చర్ పాసుబుక్కులో దాచాడు.