నాలుగు మెట్ల ముచ్చట

మా బాబాయికి పెద్దపేగు ఆపరేషన్. మత్తు డాక్టరుగారు ఫైలు తిప్పుతూ ‘‘రెండంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కగలరా?’’ అనడిగారు. ‘‘ఎక్కుతానండీ’’ అన్నాడు బాబాయి. పిన్ని ఊరుకుంటుందా, ‘‘అలిపిరి నుంచి కొండకి నడిచే వెళ్లారండీ, 3550 మెట్లు’’ అంది. డాక్టరుగారు మెచ్చుకోలుగా తలూపి రాసేసుకున్నారు: నాలుగు మెట్లకు పైమాటే అని. ఆ కొండ ప్రయాణం మా తమ్ముడి పుట్టెంట్రుకలప్పటిది. ఆ తమ్ముడికిప్పుడు బట్టతల.

ఈ ‘మెట్లు’ మన మెట్లు కావు. కుర్చీలో ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి, కిలో బరువుకి, మూడున్నర మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడని లెక్కగట్టి దానికి ‘మెట్’ అని పేరు పెట్టారు. అందుకు నాలుగింతలు వాడగలిగితే పెద్ద ఆపరేషన్‌ని తట్టుకుంటాడని ఓ అందాజా. రెండంతస్తులు ఎక్కడం దానికి గుర్తు. ఇలా అడిగి వేసే అందాజా పస ఎంతో 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన బయటపెట్టింది. 1401 మంది రోగులు. ముందు డాక్టర్లు చూసి అంచనా వేశారు, తర్వాత మూతికి మాస్కు కట్టి వ్యాయామం చేయించి ఊపిరి కొలిచారు. నాలుగు మెట్లకి నిజంగా చాలనివాళ్లలో డాక్టర్ల అంచనాకి చిక్కింది నూటికి 19 మంది. తక్కిన 81 మంది పక్కనా మా పిన్ని లాంటివాళ్లు నిలబడి ఉంటారు.

అడిగితే లాభం లేదు, కొలవాలన్నారు. సబబే. కానీ చేతికి టేపు చిక్కేసరికి పూనకం వచ్చింది. ఆపరేషన్‌కి ముందు నాలుగు వారాల వ్యాయామం, దాని పేరు ‘ప్రీహాబ్’, చివర్లో ప్రోగ్రెస్ కార్డు. వ్యాయామం మంచిదే. దాంతో నాకు పేచీ లేదు, పేచీ అంతా ఆ కార్డుతోనే.

మొదటి రోజు పరీక్ష చెబుతాను. ముప్పై మీటర్ల వరండా, రెండు కొసలా రెండు ప్లాస్టిక్ కోన్లు, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిస్తే అంత. బాబాయి పరగడుపున రక్తం ఇచ్చొచ్చాడు. లుంగీ, కొత్త హవాయి చెప్పులు. మూడో నిమిషంలో ఎదురుగా స్ట్రెచరొచ్చింది. గోడకి ఆనుకుని ‘‘ముందు మీరు కానివ్వండి’’ అన్నాడు. పైగా పేషెంటన్నవాడు నెమ్మదిగా నడవాలన్నది ఆయన సిద్ధాంతం. 312 మీటర్లు.

నాలుగు వారాలు గడిచాయి. ఇంట్లో వ్యాయామం డైరీ పిన్ని నింపింది. ఇరవై ఎనిమిది టిక్కులు, ఒకే పెన్నుతో, ఒకే పూట. మళ్లీ పరీక్ష. ఈసారి టిఫిన్ చేసి, మా అబ్బాయి స్పోర్ట్స్ బూట్లు తొడుక్కుని వచ్చాడు. కోన్ దగ్గర ఎలా తిరగాలో తెలుసు. ఫిజియోథెరపీ అమ్మాయికి చనువొచ్చింది. ‘‘ఇంకా రెండు నిమిషాలే బాబాయిగారూ, లాగించెయ్యండి!’’ అంది. 346. కార్డు మీద ఆకుపచ్చ అక్షరాల్లో ‘34 మీటర్ల పురోగతి’. ఈ రంగంలో ఇరవై మీటర్లు పెరిగితేనే ‘మెరుగైనట్టు’ లెక్క కాబట్టి మా బాబాయి ఫస్ట్ క్లాసు.

వరండాలో నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి చదివాకే కడుపులో దేవింది. ఊపిరితిత్తుల జబ్బువాళ్ల చేత ఏ వ్యాయామమూ లేకుండా ఈ పరీక్షే రెండోసారి చేయిస్తే, అలవాటు కొద్దీ సగటున 26 మీటర్లు ఎక్కువ నడుస్తారట. 1984లో కెనడాలో గయాట్ బృందం చేసిన పరీక్షలో, పక్కనుంచి ‘బాగా నడుస్తున్నారు’ అని హుషారు చేసినంత మాత్రానే దూరం 30 మీటర్లు పెరిగింది. అలవాటుకి 26, అరుపులకి 30, వెరసి 56. బాబాయి తెచ్చుకుంది 34. ఈ లెక్కన నాలుగు వారాల సాధనతో మా బాబాయి 22 మీటర్లు వెనక్కి పోయాడు. నా కూడిక అడ్డగోలుదంటారా? ఆకుపచ్చ కార్డుది మాత్రం నిలువుదా!

డబ్బున్న చోట సైకిలూ మాస్కూ ఉంటాయి, అక్కడ మోసం ఉండదనుకోకండి. అక్కడ ఆక్సిజన్‌ని ఒంటి బరువుతో భాగిస్తారు. డెబ్బై కిలోల మనిషి నిమిషానికి 1050 మిల్లీలీటర్లు వాడితే మార్కు 15. జబ్బు పీల్చి ఐదు కిలోలు చిక్కిపోయాడనుకోండి, ఆక్సిజన్ వాడకం ఒక్క చుక్కయినా పెరక్కుండానే మార్కు 16 దాటుతుంది. పేగులో పుండు కూడా కోచింగే అన్నమాట. ఇక రెండో పరీక్షకి రాలేనివాళ్ల సంగతి. వాళ్ల మీటర్లు ఏ సగటులోనూ చేరవు. మంచం పట్టినవాడు పట్టికని పాడుచెయ్యడు.

కొలవాల్సింది కొలిచినవాళ్లు లేకపోలేదు. 2020లో మాంట్రియల్ వాళ్లు ఒంట్లో సత్తువ తగ్గిన 110 మంది పేగు క్యాన్సర్ రోగుల మీద చూస్తే, ముందు కసరత్తు చేయించినా తర్వాత చేయించినా, నెల రోజుల్లో వచ్చిన చిక్కుల్లో తేడా కనబడలేదు. 2023లో నెదర్లాండ్స్ వాళ్ల నాయకత్వంలో 251 మందితో జరిగిన ప్రయోగంలో తీవ్రమైన చిక్కులు నూటికి ముప్పై దాకా ఉన్నవి పదిహేడుకి దిగాయి. దిగింది చూశారా, వరండాలో కాదు, వార్డులో. అయితే అక్కడ కసరత్తు ఒక్కటే కాదు, తిండీ, మనసుకి ధైర్యమూ, సిగరెట్ మాన్పించడమూ కలిపే పెట్టారు. ఆ పుణ్యంలో ఎవరి వాటా ఎంతో ఏ కోన్ దగ్గరా కొలవలేం. అది చెప్పుకోవడానికి కష్టం కాబట్టి మన కార్డు మీద మీటర్లే ఉంటాయి.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజు బాబాయి ఒక చేత్తో మూత్రం సంచీ, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని మంచం నుంచి బాత్‌రూమ్ దాకా నడిచాడు. నేలపలకలు లెక్కపెట్టాను, పదకొండు. వెనక్కి వచ్చేటప్పుడు ఆరో పలక దగ్గర ఆగి కళ్లు మూసుకున్నాడు. పిన్ని పమిటచెంగుతో నుదురు తుడిచింది. ఎవరి చేతిలోనూ టేపు లేదు.

గుమ్మంలోంచి ఫిజియోథెరపీ అమ్మాయి తొంగిచూసింది. ‘‘సూపర్ బాబాయిగారూ! వచ్చే నెల మళ్లీ మన ముప్పై మీటర్ల టెస్టుంది, మర్చిపోకండి’’ అంది.

బాబాయి మంచం మీదికి ఒరుగుతూ నాతో నెమ్మదిగా అన్నాడు: ‘‘ఒరేయ్, మీవాడి బూట్లు ఎవరికీ ఇవ్వకు.’’