గొంతు ఒకరిది, అట్ట ఒకరిది

గుడివాడ ప్రాంతం తెలుగు సినిమాకి ముఖాలూ ఇచ్చింది, గొంతూ ఇచ్చింది. నిమ్మకూరులో ఎన్టీఆర్, రామాపురంలో అక్కినేని, చౌటపల్లిలో ఘంటసాల. తెరమీద పెదవులు కదపడం మొదటి ఇద్దరి వంతు, పాడడం మూడో ఆయన వంతు. పంపకం బాగానే ఉంది. పాటల రికార్డుకి అట్ట వేసేటప్పుడే పేచీ వచ్చింది. ముందు హీరో, పక్కన హీరోయిన్. పాడినాయనకి ఏ మూలో చీమతలకాయంత అక్షరాల్లో ఒక వరస.

అంతకుముందు కాలం ఇంకా ఘనం. 78 ఆర్పీఎం రికార్డుకి మధ్యలో గుండ్రటి కన్నమున్న కాగితపు కవరు. ఆ కన్నంలోంచి చూస్తే హెచ్‌ఎంవీ వారి కుక్క. పాడిన మనిషి బొమ్మ లేదు, విన్న కుక్క బొమ్మ ఉంది! 1940లో అమెరికాలో కొలంబియా కంపెనీ చిత్రకారుడు అలెక్స్ స్టైన్‌వైస్ రికార్డు అట్టలకి బొమ్మలు వేసి, చెవికి పెట్టే సరుకు కంటితో కూడా అమ్ముడుపోతుందని చూపించాడు. మనవాళ్లు ఆ పాఠం సగమే విన్నారు. అక్కడ అట్ట గాయకుడికి రూపం కట్టింది, ఇక్కడ గాయకుణ్ణి కప్పేసింది.

ఇవాళ కొరియా కంపెనీలు ఆల్బమ్ డబ్బాలో ఫోటో కార్డులు దాచి, కోరిన ముఖం దొరికేదాకా అదే ఆల్బమ్‌ని మళ్లీ మళ్లీ కొనిపిస్తున్నాయి. పచ్చి వ్యాపారమే. అయినా ఆ కార్డు మీదున్నది పాడినవాళ్లే! మన లిరికల్ వీడియో తంబ్‌నెయిల్‌లో హీరోగారి కళ్లజోడుకి దక్కినంత చోటు గాయకుడి పేరుకి దక్కదు.

వ్యాపార ధర్మమంటారా? బందరు పక్కన చిలకలపూడిలో పూత నగలు చేసేవాళ్లని అడగండి. రోల్డ్ గోల్డ్‌ని రోల్డ్ గోల్డ్ అని చెప్పే అమ్ముతారు. కూచిపూడి భాగవతుల్ని అడగండి. తెరమీంచి భామ జడ వేసి జనాన్ని ఊరించడం ఫస్ట్ లుక్ కాక మరేమిటి? అయితే జడ వేసినాయనే తెర తీశాక ఆడేవాడు, పాడేవాడు కూడా.

ఘంటసాలకి మాత్రం అట్టతో పని లేకపోయింది. 1974లో పోయారు. ఇప్పటికీ వీధిలో మైకులోంచి ఆయన భగవద్గీత వినబడితే, ‘ఎవరు పాడుతున్నారు?’ అని ఎవరూ అడగరు, ‘ఎవరు పోయారు?’ అని అడుగుతారు. 2003లో తపాలా శాఖ ఆయన పేర ఒక బిళ్ల వేసింది. రికార్డు అట్ట ముందు అది ఏ మూలకీ రాదు. కానీ అందులో హీరో లేడు.

కనుక ఆడియో కంపెనీలకి ఒక మనవి. అట్టమీద ఎవరి ముఖం వేస్తే వాళ్లే మైకు ముందు నిలబడి పాడాలని రూలు పెట్టండి. వారం తిరక్కుండా సగంమంది హీరోలు తమంతట తామే దిగి గాయకుడికి చోటిస్తారు. దిగనివారి పాటల్ని అమ్మకానికి పెట్టకండి. అభిమాన సంఘాలకి ఉచితంగా పంచండి. వినడం మాత్రం తప్పనిసరి చెయ్యండి.