స్పానిష్ బాబు

పండగ సెలవులకి అరకు కొండల్లో ఇళ్ళకి చేరే కుర్రకారులో ఇంజనీరింగు వాడు పగలంతా నిద్రపోతాడు, నర్సింగు పిల్ల ఊరందరికీ బీపీ చూస్తుంది, బీఈడీ వాడు డీఎస్సీ ఎప్పుడని కనిపించినవాళ్ళనల్లా అడుగుతాడు. వీళ్ళ చదువులేమిటో ఊరికి తెలుసు. ఊరికి అంతుపట్టనివాడు ఇంకొకడున్నాడు. హైదరాబాదు తార్నాకలోని ఇఫ్లూలో, అంటే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో, స్పానిష్ బీఏ చదువుతున్నవాడు. వెళ్ళింది ఇంగ్లీషు సీటు కోసం, దొరికింది స్పానిష్. ఆ సంగతి ఇప్పుడెత్తడు. స్పానిష్ మహారచయిత సెర్వాంతెస్ స్వయంగా కబురు పెడితే వెళ్ళినట్టే మాట్లాడతాడు.

ఇతన్ని గుర్తుపట్టడం తేలిక. కిరండూల్ రైలు సొరంగంలో దూరినప్పుడల్లా పెట్టెలో అందరూ "ఓ" అని కేకేస్తారు, ఆ దారిలో అదొక ఆచారం. మనవాడొక్కడే "ఓలే!" అంటాడు. స్టేషను బయట జీపు డ్రైవరుని చూసి చెయ్యెత్తి "ఓలా!" అంటాడు.

"ఓలాలూ ఊబర్లూ ఈ కొండకి రావు బాబూ. ఎనకాల ఇంకొకరికి సోటుంది, ఎక్కు" అంటాడు డ్రైవరు.

ఇంటికెళ్ళాక తండ్రి అడుగుతాడు, చదువు ఎంతవరకొచ్చిందని. "బీ వన్" అంటాడు గర్వంగా. ఏ వన్ నుంచి సీ టూ దాకా ఐరోపా వాళ్ళు పెట్టిన మెట్లు ఆరున్నాయనీ, తను మూడోది ఎక్కాననీ విడమరిచి చెబుతాడు.

"బీ వన్ అంటే ఏసీ బోగీ కాదేట్రా?"

"కాదు నాన్నా, అది భాషలో స్థాయి."

"పోన్లే, ఏదో ఒక బెర్తు కన్‌ఫరమయింది" అని తండ్రి తోటకి పోతాడు.

అసలు చిక్కంతా మామ్మతో. ఆవిడ ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడుతుంది, కోడలి పుట్టింటివాళ్ళొస్తే కువిలోకి మారిపోతుంది, సంతలో తెలుగులో బేరమాడుతుంది. బొర్రా గుహల దగ్గర బొంగు చికెన్ అమ్మేటప్పుడు కోల్‌కతా యాత్రికులతో బెంగాలీలో దెబ్బలాడుతుంది. ఇన్ని భాషలకీ కలిపి ఒక్క సర్టిఫికెట్టు లేదు. మనవడేమో నాలుగో సెమిస్టర్లోనూ క్రియల పట్టిక ముందేసుకుని కూర్చుంటాడు. "ఉండడం" అనడానికి స్పానిష్‌లో సెర్, ఎస్తార్ అని రెండున్నాయట, ఏది ఎక్కడ వాడాలో తేలదు. "తేలకపోతే మానీ, మాటాడియ్యి. ఎదుటోడు నవ్వితే రెండోది అను" అంటుంది మామ్మ. ఇఫ్లూ సిలబస్‌లో ఈ పాఠం ఉందో లేదో గాని, ఉండాల్సిందే.

భాష ఎలా ఉన్నా, సంస్కృతిలో మాత్రం మనవాడికి ఎదురు లేదు. థింసా ఆడుతుంటే ఫ్లెమెంకో గురించి చెబుతాడు. మధ్యాహ్నం కునుకు తీసి దానికి సియెస్తా అని పేరు పెడతాడు. సంతలో రాజ్‌మా బస్తా ముందు నిలబడి, ఈ గింజా, ఆ మొక్కజొన్నా, ఈ మిరపకాయా, ఆ టమాటా అన్నీ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చాయనీ, అక్కడి నుంచి కదిలించింది స్పెయిన్, పోర్చుగల్ వాళ్ళేననీ ఉపన్యసిస్తాడు. చెప్పేది నిజమే. కాఫీ పుట్టిల్లు ఇథియోపియా అన్న ముక్క మాత్రం మింగేస్తాడు, తను చెప్పే కొలంబియా కాఫీ కథకి అడ్డమని.

ఒకనాడు స్పెయిన్‌లోని బున్యోల్ ఊరి పండగ గురించి ఎత్తుకుంటాడు. ఆగస్టు నెల చివరి బుధవారం వేలమంది రోడ్డు మీద చేరి ఒకరినొకరు టమాటాలతో కొట్టుకుంటారు, 2013 నుంచి దానికి టికెట్టు కూడా పెట్టారు అంటాడు. తండ్రి శ్రద్ధగా విని, "రేటు పడిపోయినపుడు మేవూ రోడ్డు మీదే పారబోస్తాం. సూడ్డానికి ఒక్కడూ టికెట్టు కొనడు" అంటాడు. ఆ పూటకి స్పెయిన్ ముగుస్తుంది.

ఇదే కుర్రాడు అనంతపురంలో పుట్టి ఉంటే ఇన్ని అగచాట్లు ఉండవు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడికి వచ్చి, 2009లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయాడు. ఆయన పెట్టిన ఆర్డీటీ అనే సేవాసంస్థ పుణ్యమాని స్పెయిన్ దాతల ఉత్తరాలు ఆ జిల్లా పల్లెలకి మామూలైపోయాయి. అరకులో అలా కాదు. పద్మాపురం గార్డెన్స్ గేటు దగ్గర మనవాడు తెల్లతోలు కోసం కాపు కాస్తాడు. తీరా ఒకడు దొరికితే వాడిది పోలెండు. ఇక ఉద్యోగమంటారా, నగరంలో కాల్‌సెంటర్ల వాళ్ళ స్పానిష్ ప్రాసెస్ అని ఒకటుంది. మెక్సికోలో తెల్లవారేసరికి మనకి పొద్దుగూకుతుంది కాబట్టి అది రాత్రి కొలువు. "కాపలా పనా?" అని అడుగుతుంది మామ్మ.

ఇలా సాగుతుండగా 2025లో అరకు కాఫీ తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. ఆవగింజంత నల్ల పెంకు పురుగు, పండుకి కొసన సన్నటి బెజ్జం పెట్టి గింజలోకి దిగిపోతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కాఫీ, పారిస్‌లో కొట్టు పెట్టి అమ్మే కాఫీ. ఊరంతా దిగాలు పడింది. మనవాడు మాత్రం లేచి కూర్చున్నాడు. కొలంబియాలో దీన్ని బ్రోకా అంటారు, 1988 నుంచి దానితో వేగుతున్నారు, వాళ్ళ పరిశోధనంతా స్పానిష్‌లోనే ఉంది! రాత్రంతా ఫోనులో చదివి, పొద్దున్నే రైతులని పోగేసి సారం ప్రకటించాడు. చెట్టు మీద, నేల మీద ఒక్క పండు మిగలకుండా ఏరెయ్యాలి.

"మొన్న కాఫీ బోర్డోళ్ళు తెలుగులో సెప్పిందీ ఇదేరా" అన్నాడు తండ్రి.

అయినా తగ్గలేదు. ప్లాస్టిక్ సీసాకి కిటికీ కోసి, అడుగున సబ్బునీళ్ళు పోసి, లోపల ఆల్కహాలు వేలాడదీస్తే పురుగు ఆ వాసనకి వచ్చి పడుతుందన్నాడు. "పురుగుకి మందు కొట్టడం తెలుసు గానీ మందు పొయ్యడమేటి?" అన్నాడొక చిన్నాన్న. నవ్వులయ్యాక ఆ చిన్నాన్నే తన తోటలో రెండు సీసాలు కట్టనిచ్చాడు. మర్నాటికి వాటిలో పురుగులున్నాయి. మామ్మ వంగి చూసి, "బీ వన్ అంటే ఇదా?" అంది.

కాబట్టి అరకు చూడ్డానికొచ్చేవాళ్ళకి ఒక మనవి. తాగేసిన నీళ్ళ సీసాలు గాలికొండ వ్యూపాయింటు నుంచి లోయలోకి విసరకండి, మనవాడికివ్వండి. "గ్రాసియాస్" అంటాడు. అంటే ఏమిటని మాత్రం అడక్కండి, చెప్పడం మొదలెడితే మధ్యాహ్నం తిరుగు రైలు మీకు అందదు.