బ్యానరు చూడండి బాబూ, పప్పు తర్వాత

పలాస బజారులో జీడిపప్పు కొట్టు మెట్టెక్కితే కొట్టాయన అడిగేవి మూడే మాటలు. "గుండా, బద్దా?" గుండంటే, "రెండొందల నలభయ్యా, మూడొందల ఇరవయ్యా?" అదీ తేలాక, "ఎన్ని కేజీలు కట్టమంటారు బాబూ?" ఈలోగా నాలుగు పలుకులు మన అరచేతిలో పడతాయి. నములుతూ బేరమాడుకోవచ్చు.

అదే పప్పుని, అదే ఊరి కుర్రాడు కొత్తగా తెరిచిన ఆన్‌లైన్ కొట్టులో కొనబోండి. ముందు సముద్రం వస్తుంది. డ్రోనుతో తీసిన సముద్రం. అది పక్కకి జరిగితే ఉద్దానం కొబ్బరితోట. అదీ జరిగితే ఒక అమ్మాయి, కళ్లు మూసుకుని దేన్నో వాసన చూస్తూ ఉంటుంది. పచ్చి జీడిపప్పులో అంత వాసన ఎక్కడ దొరికిందో ఆ పిల్లే చెప్పాలి. ఇంతలో "10 శాతం తగ్గింపు కావాలా? ఈమెయిలు ఇవ్వండి" అంటూ ఓ పెట్టె అడ్డంపడుతుంది. దాన్ని మూసే ఇంటూ గుర్తు ఎంత చిన్నదంటే గోరుతో గిల్లాలి. అది పోయాక రంగుల చక్రం దిగుతుంది, తిప్పమంటుంది. తిప్పితే "బెటర్ లక్ నెక్స్ట్ టైమ్" అంటుంది. పప్పు కొందామని వచ్చినవాడు ఇంకా పప్పు మొహం చూడలేదు, అప్పుడే ఓసారి ఓడిపోయాడు.

ఇది ఆ కుర్రాడి సొంత తెలివి కాదు. నేర్పినవాళ్లున్నారు. శ్రీకాకుళంలో, విజయనగరంలో ఫంక్షన్ హాలు అద్దెకి తీసుకుని, మెడలో మైకు తగిలించుకుని, "సరుకు ఎవడైనా అమ్ముతాడు, మనం ఎక్స్‌పీరియెన్స్ అమ్మాలి" అని బోధించే డిజిటల్ కోచ్‌లు. వాళ్ల దగ్గర ప్రతి కొట్టుకీ ఒకటే పేజీ ప్లాను. పైన జరిగే బొమ్మలు. దాని కింద "అవర్ స్టోరీ". దాని కింద "అవర్ మిషన్". దాని కింద ముగ్గురు కస్టమర్ల మెచ్చుకోళ్లు. ఈ ముగ్గురూ తెల్లవాళ్లే, ముగ్గురివీ ఐదేసి చుక్కలే, వాళ్లలో ఒకావిడ న్యూయార్క్ నుంచి పొందూరు పంచెని పొగుడుతుంది. ఇవన్నీ దిగి అడుక్కి చేరితే అప్పుడు సరుకు. ధర? అది సరుకు మీద నొక్కితే వస్తుంది. పోస్టు ఖర్చు? అది డబ్బు కట్టేటప్పుడు తెలుస్తుంది, తొందరేముంది.

ఈ కోచ్‌ల మూలపురుషుడు విజయనగరంవాడే కావడం మన అదృష్టం. 'కన్యాశుల్కం' 1892లో ఆ ఊళ్లోనే తొలిసారి ఆడింది. అందులో గిరీశం సామాను తెచ్చిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర 20 రూపాయలు పుచ్చుకుని ఆ సొమ్ము మధురవాణి మీద ఖర్చుపెట్టేశాడు. సామానూ రాలేదు, సొమ్మూ వాపసు రాలేదు. తెలుగు సాహిత్యంలో ముందే డబ్బు కట్టిన ఆర్డరు ఇంటికి చేరకపోవడం బహుశా అదే మొదలు. గిరీశానికే గనక ఆన్‌లైన్ కొట్టుంటే దాని హోమ్ పేజీ అదిరిపోయేదని మాత్రం నేను పూచీ ఉంటాను. లెక్చరు కూడా ఇచ్చేవాడు, శిష్యుడు వెంకటేశం చేత కాయితం మీద రాయించుకునేవాడు.

కోచ్ గారి దగ్గర శాస్త్రం కూడా ఉంది. "మనిషి చూపు పేజీ మీద ఎఫ్ అక్షరంలా తిరుగుతుంది, కాబట్టి లేఅవుట్ ఎఫ్ ఆకారంలో పెట్టండి" అంటారు. చూపు అలా తిరుగుతుందని 2006లో వెబ్ వాడకాన్ని పరిశోధించే జేకబ్ నీల్సన్ బృందం చెప్పిన మాట నిజమే. ఆ తర్వాత అదే బృందం ఇంకోమాట కూడా చెప్పింది: అలా చూడటం పాఠకుడికి మేలు కాదు, పేజీలో వెతుక్కునేది దొరక్క మనిషి పైపైన తడుముకునే తీరు అది, పేజీ సరిగా సర్దితే ఆ అవస్థ తప్పుతుంది. రెండో మాట ఫంక్షన్ హాలుదాకా రాలేదు. దారిలో పైడిభీమవరం దగ్గరే దిగిపోయినట్టుంది.

జరిగే బొమ్మల సంగతీ అంతే. అమెరికాలో నోట్రడామ్ విశ్వవిద్యాలయం సైటులో వాటిని ఎంతమంది నొక్కుతున్నారో 2013లో లెక్క తీస్తే, హోమ్ పేజీకి వచ్చినవాళ్లలో నూటికి ఒక్కరు తేలారు. ఆ ఒక్కరూ ఎక్కువగా నొక్కింది మొదటి బొమ్మనే. రెండో బొమ్మ, మూడో బొమ్మ, నాలుగో బొమ్మ ఎవరికోసం తిరుగుతున్నాయో దేవుడికెరుక. మన కుర్రాడు మాత్రం ఐదు పెట్టాడు. ఐదోదాంట్లో తన ఫొటో ఉంది.

పలాస సరుకులో ఉన్న లెక్క ఎంత ముచ్చటైనదో చూడండి. డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గుండ్లు తూగే పప్పు. కిలోకి ఇంచుమించు 660 నుంచి 705. డబ్ల్యూ 240 అంటే పౌనుకి 220 నుంచి 240. డబ్ల్యూ 180 అయితే 170 నుంచి 180 లోపు, అంటే ఇంకా పెద్ద గుండు, పెళ్లివారి తాంబూలాల స్థాయి. అంకె తగ్గేకొద్దీ గుండు పెరుగుతుంది, ధర పెరుగుతుంది. బద్దకి ఒక ధర, ముక్కకి ఒక ధర. పాయసంలోకి గుండెందుకు, బద్ద చాలు; ఉప్మాలోకి ముక్క చాలు; గ్రేవీలోకి రుబ్బేసేదానికి 180 కొనేవాడు డబ్బు చేదైనవాడు. హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని కొనే ఇల్లాలికి ఈ నాలుగు ముక్కలు చెప్పేవాడే అసలు వ్యాపారి. ప్రపంచమంతా ఒప్పుకున్న గ్రేడు, పక్కనే దాని అర్థం, పక్కనే ధర: ఇంతకంటే గొప్ప లేఅవుట్ ఎవడు గీస్తాడు? మన కొత్త కొట్టులో దీని బదులు "ప్రీమియం", "రాయల్", "సిగ్నేచర్ రిజర్వ్" అని మూడు రకాలున్నాయి. రాయల్ గొప్పదా, సిగ్నేచర్ గొప్పదా అని కొట్టు కుర్రాణ్ణి ఫోన్లో అడిగితే, "రెండూ మూడొందల ఇరవయ్యేనండీ, డబ్బా వేరు" అన్నాడు. నిజాయితీపరుడు. పేజీయే అబద్ధం.

"అవర్ స్టోరీ"లో తిత్లీ ఉంటుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన ఆ తుఫాను ఉద్దానంలో జీడిచెట్లనీ కొబ్బరిచెట్లనీ వేళ్లతో పెళ్లగించేసింది. పడిపోయిన చెట్ల ఫొటో, కింద ఇంగ్లీషులో పుట్టెడు దుఃఖం. దుఃఖం సరే. 80 కిలోల పిక్కల బస్తాకి ఆ రైతుకి ఈ ఏడు ఎంత ఇచ్చారో అదే పేజీలో ఒక్క వరుస రాస్తే కథ ఇంకొంచెం కదిలిస్తుంది. ఆ వరుసకి లేఅవుట్‌లో చోటు లేదట.

కుర్రాడి కొట్టులో ఉన్నది పప్పొక్కటే కాదు, పొందూరుకి పోదాం. పొందూరు ఖద్దరు గురించి ఎంత చెప్పినా తక్కువే, అందుకే కాబోలు ఆపకుండా చెబుతారు. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలో సన్నటి పళ్లు వరుసగా ఉంటాయి, వాటి మధ్యనుంచి లాగితే చెత్త ఊడిపోయి పోగు బారుగా సాగుతుంది. ఆ తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద 100 కౌంటు నూలు వడుకుతారు. కంటితో చూసినవాడికి నోట మాట రాదు. ఈ చేప దవడ ఫొటోకి మన పేజీలో మూడు తెరలు ఇచ్చారు. గాంధీగారికి ఒక తెర. రాట్నానికి ఒకటి. ఐదు తెరలు దాటి పంచె దగ్గరికొస్తే "సైజు: ఫ్రీ సైజ్" అని ఉంటుంది.

పంచెకి ఫ్రీ సైజేమిటి నాయినా? ఎనిమిది మూరలా, తొమ్మిది మూరలా? పన్నా ఎంత? కౌంటెంత? అంచు జరీయా, నూలా? ఉతికితే ఎంత లోపలికి పోతుంది? ఆరడుగుల మనిషి కట్టుకుంటే చీలమండ మీదికి వస్తుందా, మోకాలి దగ్గరే ఆగుతుందా? ఈ ప్రశ్నలు పొందూరు వీధిలో ఏ ముసలాయన్ని అడిగినా లేచి నిలబడి చేత్తో కొలిచి చూపిస్తాడు. పైగా ఈ ఖద్దరు నేసే కొండపత్తి రంగు పాలరంగు కాదు, కాస్త మీగడ చాయ ఉంటుంది. ఆ ముక్క పేజీలో రాయకుండా, ఫొటోకి వెలుగు దట్టించి నీలం వేసిన తెలుపు చేసి పెడితే, కొన్నాయన "పాత పంచె పంపారు" అని తిప్పి కొడతాడు. తిరుగు పోస్టు ఖర్చు నేతగాడి కూలిలోంచే కదా పోయేది.

బుడితి ఇత్తడి, కంచు సామాను సంగతి మరీ విడ్డూరం. ఇత్తడి బిందె ప్రపంచంలో ఎక్కడైనా తూకం మీదే కొంటారు. బుడితిలో బిందె అడిగితే ముందు ఎత్తి చేతిలో పెడతారు, బరువు మన చెయ్యే చెబుతుంది. ఆన్‌లైన్ పేజీలో బరువు లేదు. "హెయిర్‌లూమ్ వెసెల్, ఎస్తెటిక్ ఫర్ మోడర్న్ హోమ్స్" అని ఉంది. కళాయి వేసిందా, వెయ్యందా అనీ లేదు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో ఎవరైనా పులుసు కాస్తే ఎస్తెటిక్ సంగతి ఆ రాత్రికి కడుపు చెబుతుంది. బొబ్బిలి వీణ పక్కనేమో ప్లస్, మైనస్ బొత్తాలు పెట్టారు: ఒకటా, రెండా, పన్నెండా? పనస దుంగ తొలిచి చేసే కచేరీ వీణ, సన్మానాల్లో చేతిలో పెట్టే జానెడు వీణ, రెండూ ఒకే తెల్ల నేపథ్యం మీద ఒకే సైజులో కనబడతాయి. పక్కన ఒక మనిషి చెయ్యి పెట్టి ఫొటో తీయాలన్న ఆలోచన ఏ కోచ్‌కీ రాలేదు. చెయ్యి ఉంటే బ్రాండింగు చెడుతుందట.

ఇక తొందరపెట్టే గడియారం. ప్రతి సరుకు పక్కనా ఎర్రటి అంకెలు కిందికి దిగుతుంటాయి: "ఆఫరు ఇంకా 9 నిమిషాలే." పేజీ మూసి మళ్లీ తెరవండి, మళ్లీ 9 నిమిషాలే. "ప్రస్తుతం 43 మంది చూస్తున్నారు" అంటుంది. ఆ కుర్రాడి కొట్టుకి పండగనాడు కూడా అంతమంది వచ్చి ఉండరు. ఇది కొంటెతనం కాదు, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో పేరుపెట్టి తప్పన్న పని. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువు బుట్టలో దూర్చడం, ముందు ఒక ధర చూపించి చివర్లో ఇంకో ధర బయటపెట్టడం లాంటివి మొత్తం 13 రకాలు అందులో ఉన్నాయి. కోచ్ గారి రెండో రోజు సిలబస్ చూస్తే ఆ జాబితానే ఎదురుగా పెట్టుకుని పాఠాలు తయారుచేశారా అనిపిస్తుంది.

చివర్లో బయటపడే ధర గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే కొత్త కొట్లు ఎక్కువగా చచ్చేది అక్కడే. పావుకిలో పప్పు బుట్టలో వేసుకుని, పేరు రాసి, ఫోన్ నంబరు రాసి, ఓటీపీ కొట్టి, జిల్లా ఎంచుకుని (రాజాం 2022 ఏప్రిల్ 4న విజయనగరం జిల్లాలోకి వెళ్లింది, ఈ పేజీలో ఇంకా శ్రీకాకుళంలోనే ఉంది) కడపటి మెట్టు మీదికి వచ్చాక "షిప్పింగ్ 120" అని కనబడితే ఎవరికి ఒళ్లు మండదు? బుట్ట నింపి వదిలేసి పోయేవాళ్లు ప్రపంచవ్యాప్తంగా నూటికి 70 దాకా ఉంటారని బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ ఏళ్లుగా లెక్కలు చెబుతోంది. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లని పక్కనపెడితే, మిగతావాళ్లు చెప్పే కారణాల్లో పైనుండేది ఈ అదనపు ఖర్చే. సరుకు బొమ్మ పక్కనే ఒక పిన్‌కోడ్ గడి పెట్టి, "532001కి పోస్టుతో కలిపి ఇంత, ఫలానా రోజుకి చేరుతుంది" అని చెప్పేస్తే సరిపోయేది. ఆ చోటులో ఇప్పుడు చక్రం తిరుగుతోంది.

ఈ పేజీలన్నీ గీసేది లాప్‌టాప్ మీద, కొనేవాళ్లు చూసేది ఫోన్లో. లాప్‌టాప్‌లో విశాలంగా పరుచుకున్న సముద్రం ఫోన్లో నాచుపట్టిన గీతలా కనబడుతుంది. సిగ్నలు మూడు గీతలున్నచోట ఆ డ్రోను వీడియో తెరుచుకునేసరికి టీ కాచుకుని రావచ్చు. ఫోన్ తెర మీద మొదటి చూపుకి పట్టేది నాలుగైదు వరుసలే. ఆ వరుసల్లో సరుకు పేరు, గ్రేడు, బరువు, మొత్తం ధర, పిలిస్తే పలికే నంబరు పట్టేస్తాయి. ఇవి పెట్టడానికి వర్క్‌షాపు అక్కర్లేదు. భీమాలి తాండ్ర అమ్మే ముసలమ్మ అట్టముక్క మీద బొగ్గుతో రాసి పెట్టిన బోర్డులో దాదాపు ఇవన్నీ ఉన్నాయి. నంబరు మాత్రం లేదు, ఆవిడే ఎదురుగా ఉంది కనక.

పేజీ అట్టడుగున పాలసీలుంటాయి. ఇవి ఎవరూ చదవరని కోచ్ గారి ధీమా, అందుకే ఎక్కణ్ణుంచో ఎత్తి అతికించారు. వాపసు వివాదాలన్నీ కాలిఫోర్నియా కోర్టుల పరిధిలోకి వస్తాయని అందులో ఉంది. వానాకాలంలో తాండ్ర చెమ్మగిల్లి బూజుపట్టి వచ్చిందనుకోండి, టెక్కలిలో దాన్ని కొన్న ఆవిడ కాలిఫోర్నియా వెళ్లక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తనున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. అమ్మే సంస్థ అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి పేరు పేజీలో ఉండాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆవిడ కాయితం తీసుకుని కూర్చుంది. ప్రతివాది పేరు అన్నచోట ఏం రాయాలో తెలియక పేజీ అంతా పైనుంచి కిందికి వెతికింది. సముద్రం ఉంది, అమ్మాయి ఉంది, న్యూయార్క్ ఆవిడ ఉంది. ఊరూ వీధీ లేవు. అన్నిటికంటే కింద, హృదయం బొమ్మ పక్కన, "మేడ్ విత్ లవ్ ఇన్ ఉత్తరాంధ్ర, కాపీరైట్, యువర్ కంపెనీ నేమ్ హియర్" అని ఉంది. ఆవిడ అదే రాసింది.