మరమ్మతు మార్గమున బాడుగదారును సాగనంపు విధానం

ఇంటిని బాగుచేయడం, ఇంట్లో ఉన్నవారిని ఖాళీ చేయించడం వేర్వేరు పనులని చట్టం భావించినప్పటికీ, పెద్దపంజాణి మొదలుకొని పుంగనూరు, మదనపల్లె, కుప్పం వరకు గల ఇళ్ల యజమానులలో అనుభవజ్ఞులు ఈ రెండింటినీ ఒకే సిమెంటు బస్తాతో పూర్తిచేయగలరు. ఆ విద్యను కొత్త యజమానులకు అందించడమే ఈ మార్గదర్శిని ఉద్దేశం. ఇందులో బాడుగదారు అంటే నెలనెలా బాడుగ కట్టి కింది వాటాలోనో మిద్దె మీది పోర్షనులోనో కాపురముండే వ్యక్తి; సాధారణంగా బడిపంతులో, గ్రామ సచివాలయ ఉద్యోగో, టమోటా మండీలో లెక్కలు రాసే గుమాస్తానో అయి ఉంటాడు. యజమాని అంటే ఇంటిపన్ను రసీదు ఎవరి పేరున వస్తుందో ఆ వ్యక్తి. మరమ్మతు అంటే ఏమిటో ముందుగా చెప్పకపోవడమే ఈ శాస్త్రంలో మొదటి సూత్రం కనుక దానిని ఇక్కడ నిర్వచించడం లేదు.

పనికి దిగే ముందు ఇల్లు ఏ పరిధిలో ఉందో చూసుకోవాలి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టాన్ని, అంటే వాడుకలో రెంట్ కంట్రోల్ చట్టాన్ని, హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలకూ పురపాలక సంఘాలకూ వర్తించేలా రాశారు. దానివల్ల మదనపల్లె, పుంగనూరు యజమానులు కంట్రోలరు అనే అధికారి ముందు నిలబడవలసి వచ్చిన కాలంలో, ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, పంచాయతీలో ఉన్న పెద్దపంజాణి యజమానికి ఆ శ్రమ లేకపోయింది. 2021 నవంబరులో తొలి పురపాలక ఎన్నికలు చూసిన కుప్పం కూడా ఆ చట్టం ఏలిన కాలమంతా ఈ హాయినే అనుభవించింది. పంచాయతీలో పడిన పైకప్పు పెచ్చు పట్టణంలో పడిన పెచ్చుతో సమానంగా తలను పగలగొడుతుందన్న వాదన వైద్యులకు సంబంధించినది.

పట్టణంలోని యజమాని జాగ్రత్తగా తప్పుకోవలసి వచ్చిన గొయ్యి ఆ చట్టంలోని 12వ సెక్షను. ఇల్లు ఖాళీ చేస్తే తప్ప మరమ్మతులు, మార్పులు, చేర్పులు సాధ్యం కావని, ఆ అవసరం నిజమైనదేనని కంట్రోలరుకు నమ్మకం కలిగిస్తే ఖాళీ చేయించే ఉత్తర్వు పొందవచ్చునని అది మొదట ఎంతో ఆప్యాయంగా చెప్పేది. ఆ వెంటనే, పని పూర్తయ్యాక అదే ఇంటిని అదే బాడుగదారుకు నిర్ణీత గడువులోగా తిరిగి ఇవ్వజూపుతానని యజమాని హామీ ఇస్తేనే ఆ ఉత్తర్వు వెలువడుతుందని మెలిక పెట్టేది. మరమ్మతును మనిషిని పంపేయడానికి దొరికిన అదనుగా కాక, ఆ మనిషి తిరిగి వచ్చేలోగా ముగించవలసిన పనిగా చూసే ఈ దృష్టి యజమానులకు ఎంత పరాయిదో వేరే చెప్పనక్కరలేదు. పైగా, 1957 ఆగస్టు 26 నాడు గానీ ఆ తర్వాత గానీ కట్టిన భవనాలకు ఆ చట్టం ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సమానత్వానికి విరుద్ధమని కొట్టివేయడంతో, ఇల్లు కొత్తదన్న సాకు కూడా చేజారింది. కనుక నిపుణుడు కంట్రోలరు దగ్గరకు వెళ్లేవాడు కాదు. నేరుగా బేల్దారి దగ్గరకు వెళ్లేవాడు.

2017లో రాష్ట్రం పాత చట్టం స్థానంలో నివాస, నివాసేతర ప్రాంగణాల అద్దె చట్టాన్ని చేసింది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం రాష్ట్రాల కోసం మాదిరి అద్దె చట్టాన్ని ఆమోదించింది. వీటిని చదవనవసరం లేదు. బాడుగదారు కూడా చదవకుండా ఉండడానికి పదకొండు నెలల ఒప్పందం చాలు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలన్న 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం నుంచి తప్పుకోవడానికి పుట్టిన ఈ పత్రాన్ని స్టాంపు కాగితం మీద టైపు చేయించి, అసలు ప్రతిని యజమాని బీరువాలో భద్రపరచి, జెరాక్సు రేపు ఇస్తానని చెప్పాలి. నెలనెలా బాడుగ మీద ఉన్నవారిని ఖాళీ చేయించడానికి పదిహేను రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలని అదే చట్టంలోని 106వ సెక్షను కోరుతుంది గానీ, మిద్దె మీద సమ్మెటతో కొట్టే మొదటి దెబ్బ నోటీసు కన్నా స్పష్టంగా వినబడుతుంది.

పని పరీక్షల నెలలో గానీ, ఇంట్లో పసిబిడ్డ పుట్టిన వారంలో గానీ మొదలుపెట్టడం శ్రేయస్కరం. నివాస ప్రాంతాలలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు వాడరాదని శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నందున, పది కావడానికి పది నిమిషాల ముందు డ్రిల్లింగు ఆపితే చట్టాన్ని గౌరవించినట్టే. పాత రేకులను కోసేటప్పుడు వాటిలోని ఆస్బెస్టాస్, అంటే ఊపిరితిత్తులలో చేరి క్యాన్సరు కలిగించగల రాతినార, గాలిలో కలుస్తుంది కనుక వాటిని బాడుగదారు కిటికీ ఎదుటే కోయించాలి. ఆ ఖనిజాన్ని ఒకప్పుడు కడప జిల్లాలోని పులివెందుల ప్రాంతంలోనే తవ్వారు కాబట్టి దానిని సీమ సంపదగా భావించినా భావించవచ్చు. ఇళ్ల రంగులలో సీసాన్ని పది లక్షలకు 90 పాళ్లకు పరిమితం చేసిన నియమాలు 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన రంగును తడపకుండా గీకించి, ఆ పొడిని పిల్లలు ఆడుకునే వరండాలో ఆరబెట్టించడం మేలు.

నీటి విషయంలో మరింత నేర్పు కావాలి. నీళ్లు, కరెంటు, మెట్ల దీపాలు, లిఫ్టు, పారిశుధ్యం వంటివి నిత్యావసర సేవలని, వాటిని యజమాని నిలిపివేయరాదని మాదిరి చట్టం అంటుంది. బాడుగదారుకు కరెంటు కనీస సౌకర్యమని, యజమాని అభ్యంతరం లేదని పత్రం ఇవ్వలేదన్న కారణంతో దానిని నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కాబట్టి నిలిపివేయరాదు, మోటారు కాలిపోవాలి. కాలిన మోటారును వైండింగుకు మదనపల్లె పంపించి, అది ఇంకా రాలేదని చెప్పడంలో చట్టవిరుద్ధమేమీ లేదు.

భయం విషయానికి వస్తే, పరంజా, అంటే మేస్త్రీలు నిలబడడానికి సవుక కట్టెలతో కట్టే మంచె, యజమానికి దొరికిన ఉత్తమ సాధనం. గోడపని అయిపోయినా దానిని విప్పకుండా ఉంచితే రోడ్డు మీద పోయే ఎవరైనా మిద్దె మీది పడకగది కిటికీ దాకా ఎక్కిరావచ్చు. ఆ కిటికీ గ్రిల్లును వెల్డింగు కోసం ముందే తీయించి ఉంటారు కనుక, భర్త బెంగళూరులో పనిచేస్తుండగా ఒంటరిగా ఉంటున్న ఇల్లాలు రాత్రంతా దీపం ఆర్పకుండా కూర్చుంటుంది. ఇంట్లోకి వచ్చేముందు 24 గంటల నోటీసు ఇవ్వాలని, సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదని మాదిరి చట్టం యజమానిని కట్టడి చేసింది గానీ, కొలతలు తీసుకోవడానికి వచ్చిన వడ్రంగిని ఆ మాటల్లో పేర్కొనలేదు. నింద ఎటూ కూలివారి మీదికే పోతుంది. హెల్మెట్టు, నడుము తాడు లేకుండా అదే పరంజా మీద బతుకుతున్న ఆ కూలివారు నిజానికి బాడుగదారు కన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నారన్న సంగతిని ఇరువైపులా ఎవరూ గమనించకపోవడం యజమానికి అనుకూలం.

కొందరు పాత పునాది మీద కొత్త అంతస్తు లేపడానికి ఆశపడతారు. సికింద్రాబాదులో 2013 జూలైలో సిటీ లైట్ హోటలు ఉన్న పాత భవనం కూలి లోపలివారు చనిపోయాక కూడా, కింది వాటాలో కాపురం ఉండగానే స్లాబు పోయవచ్చని నమ్మేవారి సంఖ్య తగ్గలేదు. స్ట్రక్చరల్ ఇంజనీరు, అంటే స్తంభాలు ఎంత బరువు మోయగలవో లెక్కగట్టే నిపుణుడు, అనుమతి ప్లానుకు అవసరమని ఎవరైనా గుర్తుచేస్తే, మేస్త్రీ తాత కట్టిన మిద్దెలు ఇంకా నిలిచే ఉన్నాయని జవాబివ్వాలి.

ఈ విధానం విఫలమయ్యే సందర్భాలు కొన్ని లేకపోలేదు. బాడుగను ఫోన్‌పే ద్వారా పంపే మనిషి తాను ఇంట్లో ఉంటున్నట్టు నెలకొక సాక్ష్యం సంపాదించుకుంటాడు కనుక నగదే అడగాలి. యజమాని చేయవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చినా సకాలంలో చేయకపోతే, బాడుగదారు తానే చేయించి ఆ ఖర్చును బాడుగలో మినహాయించుకోవచ్చునని 1882 చట్టంలోని 108వ సెక్షను చెబుతున్న సంగతి ఇంటికి పిలిచే ప్లంబరుకు కూడా తెలియనీయకూడదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఉచిత న్యాయసహాయం అందుతుందని, 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారని వీధిలో ఎవరైనా చెప్పుకుంటూ ఉంటే మాట మార్చాలి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోని 6వ సెక్షను. చట్టబద్ధమైన ప్రక్రియ లేకుండా, అంగీకారం లేకుండా ఇల్లు పోగొట్టుకున్న వ్యక్తి యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్నతో పని లేకుండానే ఆరు నెలలలోగా దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చునని అది అంటుంది. అందువల్ల ఆ ఆరు నెలలూ గడిచేదాకా పని ఇంకా సాగుతున్నదని, అయిపోగానే కబురు పంపుతామని బాడుగదారుతో ఎంతో మర్యాదగా చెబుతూ, అప్పుడప్పుడు గేటు ముందు ఒక ట్రాక్టరు ఇసుక దింపించడం మంచిది.