ఆ ఫారంలో గడి లేదు

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో పటాన్‌చెరు కంపెనీ బస్సు వచ్చేలోపే 2027 రాష్ట్రపతి ఎవరో తేలిపోతోంది.

"సదువుకున్నోడు గావాలె తమ్మీ!"

"గాదు కాకా, జనంల పేరున్నోడు!"

విధానాల దాకా వచ్చేసరికి చాయ్ చల్లారింది.

రాజ్యాంగం అడిగేది పౌరసత్వం, 35 ఏళ్ల వయసు, లోక్‌సభకు నిలబడే అర్హత, లాభదాయక పదవి లేకపోవడం. ఆపైన 50 మంది ప్రతిపాదకులు, 50 మంది సమర్థకులు, 15,000 రూపాయల డిపాజిట్. జనాదరణకు నామినేషన్ ఫారంలో గడే లేదు. 2022లో తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132, ఎంపీది 700. కాకాది, తమ్మిది కలిపి సున్నా.

యోగ్యత సంగతంటారా, నీలం సంజీవరెడ్డి కథ చాలు. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి ఆయనే. ఇందిరమ్మ 'అంతరాత్మ ప్రబోధం' మేరకు ఓటేయమన్నారు, వి.వి. గిరి గెలిచారు. 1977లో అదే మనిషి ఏకగ్రీవం! ఈ ఎనిమిదేళ్లలో కొత్తగా ఏ డిగ్రీ పాసయ్యారో మరి. 1980 జనవరిలో మన మెదక్‌లో గెలిచిన ఇందిరమ్మతో ప్రధానిగా ప్రమాణం చేయించిందీ ఆయనే. అంతరాత్మ ఆ రోజు సెలవు పెట్టినట్టుంది.