చవక పెన్నుల జమీందారు

ఖరీదైన పెన్నులు పోగుచేసేవాణ్ణి లోకం రసికుడంటుంది. చవక పెన్నులు పోగుచేసేవాణ్ణి మా ఇంట్లో ఏమంటారో ఇక్కడ రాస్తే పత్రికవాళ్లు వేసుకోరు. బడిపిల్లలూ, కాలేజీ కుర్రాళ్లూ రాసుకున్న ఇంకు పెన్నులే నా ఆస్తి. బీరువా కింది అరలో, పాత స్వీటు డబ్బాల్లో, రబ్బరు బ్యాండ్లు చుట్టుకుని పడుంటాయి. పై అరలో మా ఆవిడ పట్టుచీరలు. ఆ రెండు అరల మధ్య ఉన్న చెక్కే మా కాపురాన్ని కాపాడుతోంది.

ఏ పెన్నునైనా నా సంస్థానంలో చేర్చుకునే ముందు ధర చూస్తాను. రూపాయల్లో కాదు, దెబ్బల్లో. పెన్ను పారేసుకుని ఇంటికొచ్చిన పిల్లాడికి నాన్న ఒక్కటిచ్చి వదిలేశాడంటే అది నిఖార్సయిన బడి పెన్ను. రంగు ప్లాస్టిక్ గొట్టం, రేకు పాళీ, చొక్కా జేబుకు పట్టీ పట్టకుండా వేలాడే క్యాపు దాని లక్షణాలు. హీరో పెన్నులు నాలుగు దెబ్బల రకం. అయినా పరీక్ష పాసైతే మేనమామలు కొనిపెట్టేవి కాబట్టి వాటినీ రానిస్తాను. వీపు విమానం మోత మోగించే పార్కర్లకు మాత్రం నా గడపలో చోటు లేదు. వాటి యజమానులు ఎటూ నన్ను తమ గడప తొక్కనివ్వరు.

చవక వస్తువు కదా, ఎక్కడైనా దొరుకుతుందని అందరూ అనుకుంటారు. దొరకదు. 1941లో అమెరికాలో పుట్టిన పార్కర్ 51 ఇవాళ కావాలన్నా, డబ్బుంటే దొరుకుతుంది. కొన్నాయన దాన్ని పెట్టెలో పెట్టి, పెట్టెను బీరువాలో పెట్టి, తాళం మొలతాడుకు కట్టుకున్నాడు కాబట్టి. సంతకాలు తప్ప దానితో మరో పని చేయలేదు. ఏడో తరగతి పిల్లాడి పెన్ను గతి వేరు. వెనక కొస వాడు నమిలేశాడు. క్యాపు మొదటి వారంలోనే పోయింది. పాళీ నేలమీద పడి కొంగముక్కయింది. చివరికి మిగిలిన గొట్టంతో సబ్బు బుడగలు ఊదాడు. ఒంటిదెబ్బ పెన్నుల్లో బతికి బట్టకట్టినవి తక్కువ.

అందుకే వేట తప్పదు. చిన్న ఊళ్లలో, బస్టాండు వెనక వీధుల్లో, తాతల నాటి పుస్తకాల షాపులు వెతుక్కుంటూ పోవాలి. వేటగాడికి మొదటి నియమం, ఆశ బయటపడకూడదు. ముందు గమ్ము సీసా అడగాలి. తర్వాత గ్రాఫు పేపర్లు అడగాలి. చిల్లర తీస్తూ తీస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు, గోడమీది క్యాలెండరు కేసి చూస్తూ, "ఇంకు పెన్నులు పాతవేమైనా ఉన్నాయాండీ?" అనాలి.

గుడివాడలో ఒక షాపాయన్ని అలాగే అడిగాను.

"ఇంకు పెన్నులా? మాస్టారా మీరు?"

ఈ రోజుల్లో ఇంకు పెన్ను అడిగేవాడు మాస్టారైనా అయ్యుండాలి, మతి తప్పినవాడైనా అయ్యుండాలి. మొదటిదానికి తలూపాను.

ఆయన స్టూలెక్కి అటక మీంచి అట్టపెట్టె దింపి, తువ్వాలుతో దుమ్ము దులిపాడు. లోపల ఆకుపచ్చ, మెరూన్, లేత నీలం పెన్నులు వరసగా పడుకుని ఉన్నాయి. పెట్టె మూత మీద పెన్సిలుతో ధర నాలుగున్నర అని రాసుంది.

"తూకానికి వేసేద్దామనుకుంటున్నానండీ" అన్నాడు. నేను పెట్టెలో చెయ్యి పెట్టాను. "పాత సరుకండీ, ఇలాంటివి ఇప్పుడు రావట్లేదు. ఒక్కోటీ యాభై" అన్నాడు.

"మూత మీద నాలుగున్నర అనుంది కదండీ?"

"అది అప్పటి మాస్టారి జీతానికండీ."

మారుమాట్లాడకుండా కొన్నాను. గమ్ము సీసా కొసరుగా ఇస్తాడేమోనని కాసేపు నిలబడ్డాను కూడా. ఇవ్వలేదు. ఇలాంటి వేటల పుణ్యమా అని, ఊరందరి శుభలేఖలూ అంటించడానికి సరిపడా గమ్ము మా ఇంట్లో ఉంది.

ఇక ఈ పెన్నుల గుణగణాలు. ఫిల్లరుతో ఇంకు పోసుకునే రకం, నిండుగా ఉన్నంతసేపూ బుద్ధిగా రాస్తుంది. ఇంకు అడుగంటేసరికి కక్కడం మొదలుపెడుతుంది. ఇంకు తగ్గినకొద్దీ ఆ చోట్లోకి గాలి చేరుతుంది. పట్టుకున్న చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి కింద ఉన్న ఇంకును బయటికి తోస్తుంది. పాళీ కిందుండే నాలిక కొంతవరకు ఆపుతుంది. చవక పెన్ను నాలిక ఆ మాత్రానికి కూడా చాలదు. జవాబు తోచక పెన్నును పిడికిట్లో పట్టుకుని కిటికీలోంచి చూసేవాడి పేపరు మీదే మరకలెక్కువ పడేవి ఇందుకే. ఫస్టు ర్యాంకువాడి పేపరు అంత శుభ్రంగా ఉండటంలో వాడి తెలివితోపాటు భౌతికశాస్త్రం వాటా కూడా ఉంది. మందు ఒక్కటే, సగం కాగానే మళ్లీ నింపుకోవాలి. ఆ సంగతి మాకు సైన్సు మాస్టారు చెప్పలేదు. ఆయన జేబుకూ మరక ఉండేది.

చెప్పేవాళ్లు లేక మా వైద్యం మేమే చేసుకున్నాం. పుస్తకం మీద ఇంకు పడితే సుద్దముక్క అద్దేవాళ్లం. వేళ్లకంటితే తలకు రాసుకునేవాళ్లం. పాళీ బిగుసుకుపోతే పళ్లతో లాగి, నీలం పెదాలతో ప్రార్థనలో నిలబడేవాళ్లం. ఇంకు దిగకపోతే నాన్న గడ్డం బ్లేడు కొసను పాళీ చీలికలో దూర్చేవాళ్లం. గీరుకుంటుంటే సిమెంటు గచ్చు మీద సున్నాలు చుట్టి అరగదీసేవాళ్లం. రాయడంలో ఇంకు దిగడానికి చీలికా, అరుగుదల తట్టుకోవడానికి పాళీ కొసనుండే గట్టి లోహపు బిందువూ ముఖ్యం. మేం సరిగ్గా ఆ రెంటి మీదే పడ్డాం. ఇంకు అప్పులు చుక్కల లెక్కన నడిచేవి. తిరిగి తీర్చినవాడు మా క్లాసులో లేడు. బాల్‌పెన్ను పడితే దస్తూరి పాడైపోతుందని మాస్టార్లు అనేవారు. అయ్యుండొచ్చు. కానీ బాల్‌పెన్ను వచ్చాకే ముందు బెంచీవాడి చొక్కా వీపు తెల్లగా మిగిలింది. అది రాకముందు పెన్ను ఆగితే విదిలించడమే మాకు తెలిసిన మరమ్మతు.

చొక్కాల విషయంలో మా ఆవిడ వాదన కూడా వినాలి.

"ఏవండీ, ఈ జేబు మీద మరక ఏ పెన్నుది?"

"మెరూన్‌ది. గుడివాడది" అన్నాను, కాస్త గర్వంగానే.

"యాభై రూపాయల పెన్నుకి తొమ్మిదొందల చొక్కా. మీ లెక్కలో ఇది ఎన్ని దెబ్బలు?"

ఆ రోజు నుంచి 'వాషబుల్' అని రాసున్న రాయల్ బ్లూ సిరానే వాడుతున్నాను. నీళ్లకు వదిలే గుణముంది కాబట్టి బడిపిల్లలకు ఆ సిరా మంచిది. బడిపిల్లల్లా బతికే మొగుళ్లకూ మంచిదే.

పై దేశాల్లో ఈ బాధలు పిల్లలకు వదిలిపెట్టలేదు. జర్మనీలో పెలికాన్ కంపెనీ బడిపిల్లల కోసమే 1960లో పెలికానో పెన్ను తీసింది. లామీవాళ్లు 1980లో సఫారీ తెచ్చి, వేళ్లు పట్టుకోవాల్సిన చోటే పట్టుకునేలా దాన్ని పలకలుగా చెక్కారు. జపాన్‌లో పైలట్ కంపెనీ 2013లో తెచ్చిన కకునో పాళీ మీద నవ్వుముఖం ఉంటుంది. పెన్ను సరిగ్గా పట్టుకుంటే అది మనకేసి నవ్వుతుంది. డాలస్‌లో ఉండే మా మేనల్లుడు అది తెచ్చి, "మామయ్యా, పిల్లలు వాడేదే, నీ రూలుకు సరిపోతుంది" అన్నాడు. డబ్బాలో మావాటి పక్కన పెట్టాను. మావి నవ్వవు, ఏడుస్తాయి. అదీ జేబులో. కానీ నా ఓటు ఏడ్చేవాటికే. అక్కడ పెన్ను పిల్లాడికి రాయడం నేర్పింది. ఇక్కడ పిల్లాడే పెన్నుకు రాయడం నేర్పుకున్నాడు.

మనవాళ్లు మంచి పెన్నులు చేయలేకనా అంటే, అదీ కాదు. 1932లోనే రాజమండ్రిలో కె.వి. రత్నంగారు స్వదేశీ పెన్నుల తయారీ మొదలుపెట్టారు. ఆ పెన్ను అందుకున్న గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. రబ్బరును గంధకంతో కలిపి కాచిన ఎబొనైటు కడ్డీని లేతు మీద తిప్పి చెక్కే పని అది. రాజమండ్రి వెళ్లినప్పుడల్లా అలాంటి పెన్నులు చేతులు కట్టుకుని చూసొస్తాను. నా పట్టికలో వాటికి గడి లేదు. గాంధీగారి పెన్ను పారేసుకొస్తే ఎన్ని దెబ్బలని ఎవర్నడుగుతాం?

చివరగా ఒక మనవి. మీ ఇంట్లో ఏ సొరుగులోనో, కుట్టుమిషను డబ్బాలోనో, ఒంటిదెబ్బ పెన్ను ఒకటి ఎండిపోయి ఉంటుంది. పారేయకండి. పాళీ భాగాన్ని రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టండి. వేడినీళ్లు వద్దు, చవక ప్లాస్టిక్ వంకరపోతుంది. తెల్లారాక కడిగి, ఆరబెట్టి, ఇంకు పోసి మీ పేరు రాసి చూడండి. చాలావరకు రాస్తుంది. రాస్తే మీరే ఉంచుకోండి. బ్యాంకులో ఎవరైనా అడిగితే మాత్రం క్యాపు మీ దగ్గర ఉంచుకుని పెన్నివ్వండి, అప్పుడే తిరిగొస్తుంది. రాయకపోతే నాకు పంపండి. క్యాపుతో సహా.